కిచెన్ కాబినెట్లకు రంగు: నునుపు వెనకాల లెక్క

ఈ శీర్షికలో మామూలుగా డేటాబేసుల గురించో, నెట్‌వర్కుల గురించో చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి వంటింట్లోకి వెళ్దాం. అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. కాబినెట్ల చెక్క గట్టిగానే ఉంటుంది, రంగు మాత్రం వెలిసిపోయి ఉంటుంది. మొత్తం మార్పించాలంటే వేల డాలర్లు. మరి మనమే రంగు వేసుకోలేమా?

వేసుకోవచ్చు. మా ఇంటి ఓక్ కాబినెట్లకి నేనే వేసుకున్నాను. చాలామంది అడిగేది ఒకటే: "బ్రష్ గీతలు కనబడవా?" ఆ గీతలు పోవడమన్నది చేతివాటం కంటే భౌతికశాస్త్రం మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే ఏ పని ఎందుకు చెయ్యాలో దానంతటదే తెలిసిపోతుంది.

ముందుగా చూసుకోవలసినవి

మీ ఇల్లు 1978కి ముందు కట్టినదైతే శాండ్‌పేపర్ ముట్టుకోకండి. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసాన్ని అమెరికా ప్రభుత్వం నిషేధించింది ఆ ఏడాదే. అంతకు ముందటి పెయింటుని రుద్దితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము నేల మీద పడుతుంది, పాకే పిల్లలు అదే చేతిని నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఆ నష్టాన్ని తర్వాత పూడ్చలేం. చిన్న పెయింటు ముక్కని లాబ్‌లో పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే ఆ పనిలో శిక్షణ, సర్టిఫికేట్ ఉన్న కాంట్రాక్టరుకి అప్పగించండి. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

రెండోది, తలుపులు దేనితో చేశారో చూడండి. చెక్క, ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. అయితే ఫరవాలేదు. పైన ప్లాస్టిక్ పొర అతికించిన తలుపులై, ఆ పొర అంచుల్లో లేచిపోతూ ఉంటే రంగు వేసి లాభం లేదు.

పోపు జిడ్డు

మన వంటిళ్ళకి ప్రత్యేకమైన సమస్య పోపు. నూనె కాగేటప్పుడు సన్నటి తుంపరలు గాలిలోకి లేచి, స్టవ్ చుట్టుపక్కల తలుపుల మీద వాలతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంక పొరలా తయారవుతాయి. దాని మీద రంగు వేస్తే అది చెక్కని కాక జిడ్డుని పట్టుకుంటుంది. కొన్ని నెలలకి హాండిల్ దగ్గర పెచ్చులూడటం మొదలవుతుంది.

అందుకని మొదట కడగడం, ఆ తర్వాతే రుద్దడం. ఈ వరస తిరగబడితే శాండ్‌పేపరే జిడ్డుని చెక్క సందుల్లోకి నూరుతుంది. జిడ్డు వదిలించే క్లీనర్‌తో రెండుసార్లు తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో మళ్ళీ తుడవండి. పూర్తిగా ఆరాక 150 లేక 180 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. పాత వార్నిష్ మొత్తం తీసెయ్యక్కరలేదు, కొత్త పొరకి పట్టు దొరికితే చాలు. దుమ్ముని వాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడవండి.

ప్రైమర్: మన లక్కే

ఓక్ చెక్కలో టానిన్లు ఉంటాయి. నీటి పెయింటు తగిలితే ఇవి పసుపుపచ్చ మరకలుగా పైకి తేలతాయి. వీటిని ఆపడానికి బాగా పనికొచ్చేది షెల్లాక్ ప్రైమర్. షెల్లాక్ అంటే మరేదో కాదు, మన లక్కే. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే బంక నుంచి తీస్తారు.

దీన్ని ఆల్కహాల్‌లో కరిగిస్తారు కాబట్టి ఆవిరి అంటుకునే గుణం కలది. గాస్ స్టవ్ పైలట్ మంట, గాస్ వాటర్ హీటర్ దగ్గర వాడకండి. కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే మాస్క్ పెట్టుకోండి. ప్రైమర్ ఆరాక 220 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఓక్ చెక్కకి సన్నటి గాడులు ఉంటాయి. అవి పెయింటుతో పూడవు. అద్దంలా నున్నగా కావాలంటే ప్రైమర్‌కి ముందే ఫిల్లర్‌తో పూడ్చాలి.

ఇదీ ఆ లెక్క

బ్రష్ గీత అంటే తడి పెయింటు మీద ఒక చిన్న అల. తలతన్యత ఆ అలని చదును చెయ్యాలని లాగుతుంది. చిక్కదనం అడ్డుకుంటుంది. దీనికి 1962లో ఆర్చర్డ్ అనే పరిశోధకుడు ఒక సూత్రం ఇచ్చాడు. చదును కావడానికి పట్టే కాలం చిక్కదనాన్ని బట్టీ, గీతల మధ్య దూరం నాలుగో ఘాతాన్ని బట్టీ పెరుగుతుంది. తలతన్యతని బట్టీ, పొర మందం ఘనాన్ని బట్టీ తగ్గుతుంది.

ఈ ఒక్క వాక్యంలోంచి మూడు సంగతులు బయటికి వస్తాయి.

మొదటిది, గీతల మధ్య దూరం. దాన్ని సగం చేస్తే చదును కావడం 16 రెట్లు త్వరగా జరుగుతుంది. అందుకే సన్నటి కొసలున్న సింథటిక్ బ్రష్, సన్నటి నురగ రోలర్ కొనడం. పది డాలర్లు ఎక్కువైనా ఇక్కడ ఖర్చు పెట్టడం దండగ కాదు.

రెండోది, మందం. పొర రెట్టింపైతే చదును 8 రెట్లు త్వరగా అవుతుంది. పెయింటుని పొదుపుగా లాగి లాగి పులిమితే గీతలు మిగిలేది అందుకే. గాలన్ పెయింటుని 400 చదరపు అడుగులకి పరిస్తే తడి పొర మందం మిల్లీమీటరులో పదోవంతు. అంతకంటే పలచన చెయ్యకండి. అయితే నిలువు తలుపు మీద మందంగా వేస్తే కారిపోతుంది. అందుకే తలుపులు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టి వెయ్యాలి.

మూడోది, కాలం. ఆరేకొద్దీ చిక్కదనం పెరుగుతుంది కాబట్టి ఇది చదును కావడానికీ, ఆరిపోవడానికీ మధ్య పరుగుపందెం. ఎండలో, ఫాను కింద వేస్తే ఆరడమే గెలుస్తుంది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నీడలో వెయ్యండి. వేసిన కాసేపటికి "ఇక్కడ కొంచెం సరిచేద్దాం" అని మళ్ళీ బ్రష్ పెట్టకండి. సగం ఆరిన పెయింటులో పడిన గీత ఇక పోదు. గోడల పెయింటు బదులు నీటిలో కలిసే ఆల్కిడ్ ఎనామెల్ వాడమనేది కూడా ఇందుకే. అది నెమ్మదిగా ఆరుతుంది, ఆరాక గట్టిపడుతుంది.

పని వరస

తలుపులు ఊడదీసేటప్పుడు ప్రతిదానికీ ఒక నంబరు ఇవ్వండి. చాలా తలుపులకి కీలు దిగే 35 మిల్లీమీటర్ల గుంట ఉంటుంది. నంబరు అందులో రాసి టేపు అతికిస్తే రంగు కింద పోదు. ముందు వెనక వైపు, అది ఆరాక ముందు వైపు. రెండు పూతలు, మధ్యలో 320 కాగితంతో ఒక్కసారి రుద్దడం. పూతకీ పూతకీ మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, ఆ మాట వినండి.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు. నీరు ఆవిరైతే ఆరినట్టు. ఆల్కిడ్ ఆ తర్వాత కూడా ఆక్సిజన్‌తో కలుస్తూ అణువుల మధ్య లంకెలు వేసుకుంటుంది. పూర్తిగా గట్టిపడటానికి సుమారు 30 రోజులు పడుతుంది. అందాకా తలుపులు మెల్లిగా వెయ్యండి, గట్టిగా తోమకండి. ఇదే రసాయన చర్య వేడిని పుట్టిస్తుంది కనక ఆల్కిడ్, నూనె పెయింట్లు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. బయట పరిచి ఆరబెట్టి అప్పుడు పారెయ్యండి.

అన్ని తలుపులూ ఒకేసారి మొదలుపెట్టకండి. సింక్ కింది తలుపు లోపలి వైపు ఒక్కదాని మీద మొత్తం వరస నడిపించి, వారం ఆగండి. బ్లేడుతో చిన్న ఇంటూ గుర్తు గీసి, దాని మీద టేపు గట్టిగా నొక్కి, ఒక్కసారిగా లాగండి. టేపుతో రంగు రాకపోతే మిగిలిన తలుపులకి స్క్రూడ్రైవర్ తీసుకోవచ్చు. వస్తే మళ్ళీ జిడ్డు కడగడం దగ్గరికి వెళ్ళండి, తొంభై పాళ్ళు అక్కడే దొరుకుతుంది.