మత్తునిద్రలో మెదడు తరంగములు

శస్త్రచికిత్స వేళ మత్తుమందిచ్చు వైద్యుడు సాధారణముగా మూడు పనులు చూచుకొనును: రోగికి స్పృహ లేకుండ చేయుట, నొప్పిని అణచుట, అవసరమైనచో కండరములను సడలించుట. ఈ మూడింటికిని వేర్వేరు మందులు కలవు. చిక్కంతయు మూడవదానియందున్నది. కండరములను సడలించు మందు శరీరమును కదలనీయదు గాని స్పృహను తీసివేయదు. మత్తు చాలక రోగికి మెలకువ వచ్చినను చేయి కదపలేడు, నోరు మెదపలేడు. 1942లో మాంట్రియల్ నగరమున గ్రిఫిత్, జాన్సన్ అను వైద్యులు క్యురారే అను సడలింపు మందును మత్తుతోపాటు వాడిరి. నాటినుండి ఒక ప్రశ్న వైద్యులను వెన్నాడుచున్నది: కదలని రోగి నిజముగా స్పృహ లేకయే యున్నాడా?

నాడియు రక్తపుపోటును కొంత సూచించును గాని, అవి ఇతర కారణములచేతను మారును. స్పృహకు నెలవు మెదడు గనుక, మెదడునే పరీక్షించుట మేలు. జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ 1924లో మానవుని మెదడు విద్యుత్తరంగములను నమోదుచేసి, 1929లో ఆ సంగతి ప్రకటించెను. మెలకువలో ఈ తరంగములు చిన్నవిగను వడిగను ఉండును. సాధారణముగా మత్తు గాఢమగుకొలది పెద్దవై మందగించును. మత్తు మితిమీరినచో నడుమనడుమ గీత చదునగును.

నుదుట అంటించిన పట్టీల ద్వారా ఈ తరంగములను గ్రహించి, 0 నుండి 100 వరకు ఒక అంకెగా చూపు ‘బిస్’ యంత్రము 1990లలో వాడుకకు వచ్చెను. 100కు చేరువ యనగా మెలకువ. 40 మొదలు 60 వరకు శస్త్రచికిత్సకు తగిన మత్తు.

ఈ అంకెను ఎంతవరకు నమ్మవచ్చును? మెలకువ వచ్చు అవకాశము హెచ్చుగానున్న 2,463 రోగులపై జరిపిన పరిశోధన 2004లో వెలువడినది. యంత్రమును వాడిన వర్గమున ఇద్దరికిని, వాడని వర్గమున పదునొకరికిని మెలకువ వచ్చినట్లు తేలినది. కాని 2011లో వెలువడిన వేరొక పరిశోధనలో, రోగి విడుచు ఊపిరిలోని మత్తువాయువును కొలుచు పద్ధతికంటె ఈ యంత్రము మెరుగని తేలలేదు. కెటమిన్ ఇచ్చినపుడు మత్తు చాలినంత యున్నను అంకె హెచ్చుగ నుండవచ్చును. పసిపిల్లల తరంగములు పెద్దల తరంగములవలె నుండవు. కావున యంత్రము వైద్యునికి తోడే గాని, వైద్యునికి బదులు కాదు.

తల్లిదండ్రులు చేయదగిన పనులును కలవు. మునుపెన్నడైన మత్తులో మెలకువ వచ్చియున్నచో ఆ సంగతియు, వాడుచున్న మందుల పేర్లును వైద్యునికి దాచక తెలుపవలెను. వైద్యుని భాష మనకు రానిచో తెలిసినవారిని వెంట తీసికొనిపోవలెను. బిడ్డ కోలుకొనిన పిమ్మట మాతృభాషలో మెల్లగా మూడు ప్రశ్నలడుగుడు: నిద్రపోకముందు కడపట ఏమి గుర్తున్నది? లేచిన పిదప మొదట ఏమి గుర్తున్నది? నడుమ ఏమైన గుర్తున్నదా? నడుమ మాటలు వినబడినవనియో, నొప్పి తెలిసినదనియో చెప్పినచో, కలయని కొట్టివేయక వెంటనే వైద్యునికి తెలుపుడు. ఆ మాటను నమ్మి వినుటయే బిడ్డ భయమునకు మొదటి చికిత్స.