ఓడ చెప్పే అంకెలు

మీరెప్పుడైనా విశాఖపట్నం సముద్రతీరాన నిలబడి దూరంగా చూశారా? రేవులో చోటు దొరికేదాకా లంగరు వేసుకుని ఆగిన ఓడలు కనిపిస్తాయి. పూర్వం మా విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు: "మాస్టారూ, అది ఏ దేశపు ఓడ? ఎక్కడికి పోతుంది?" నాకేం తెలుసు! "సరుకుల ఓడ" అని ఊరుకునేవాణ్ణి. ఈమధ్య వెళ్ళినప్పుడు ఒక అమ్మాయి నా ఫోను తీసుకుని, మ్యాపులో ఆ ఓడ గుర్తు మీద వేలు పెట్టి, పేరూ పొడవూ చేరవలసిన రేవూ గడగడా చదివేసింది. చదివాక అనుమానం వచ్చింది. "ఇదంతా నిజమేనా, మాస్టారూ? దీనికెవరు చెప్పారు?"

చెప్పింది ఇంకెవరో కాదు, ఆ ఓడే.

ఒకప్పుడు ఓడలు పగలు జెండాలతోనూ, రాత్రి దీపాలతోనూ మాట్లాడుకునేవి. తరవాత రేడియో వచ్చింది. కాని పొగమంచులో "నాకు ఎడమవైపున ఉన్న ఓడా, కాస్త పక్కకు తిరుగు" అని రేడియోలో పిలిస్తే, ఆ పిలుపు ఎవరికని అనుకోవాలి? చుట్టూ నాలుగు ఓడలుంటే నాలుగూ ఆలోచనలో పడతాయి. రాడార్ తెరమీద చుక్క కనిపిస్తుంది గాని, చుక్కకు పేరుండదు గదా! ఈ తికమకలో ఓడలు ఢీకొనే ప్రమాదం ఉంది.

ఈ చిక్కు తీర్చడానికి వచ్చినదే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్, పొట్టిగా ఏ.ఐ.ఎస్. దేశాల మధ్య తిరిగే 300 గ్రాస్ టన్నేజి, ఆపైబడిన ఓడలన్నీ 2004 చివరికల్లా దీన్ని అమర్చుకోవాలని నియమం వచ్చింది. యుద్ధనౌకలకు మినహాయింపు ఉంది. (గ్రాస్ టన్నేజి అంటే బరువు కాదు సుమా! ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి కట్టే లెక్క.) ఈ పరికరం తన గుర్తింపు సంఖ్యనూ, ఉన్న చోటునూ, వేగాన్నీ, దిశనూ అంకెలుగా మార్చి రేడియో తరంగాల మీద పంపుతూనే ఉంటుంది. లంగరు వేసి ఉంటే మూడు నిమిషాలకొకసారి, నడుస్తుంటే పది సెకన్లకొకసారి, గంటకు 43 కిలోమీటర్లు దాటితే రెండు సెకన్లకొకసారి.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. వందల ఓడలు ఒకే తరంగం మీద ఒకేసారి మాట్లాడితే గోల కాదా?

మీ తరగతిలో మాస్టారు లేరనుకోండి. ఎవరి హాజరు వాళ్ళే చెప్పుకోవాలి. అందరూ ఒక్కసారిగా అరిస్తే ఏమీ వినపడదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. గోడ గడియారం చూస్తూ కాసేపు మాట్లాడకుండా వినాలి. ఏ క్షణం ఖాళీగా ఉందో కనిపెట్టి, ఆ క్షణంలో "నేను ఫలానా, మళ్ళీ ఫలానా క్షణంలో మాట్లాడతాను" అని చెప్పి ఊరుకోవాలి. మిగతావాళ్ళు ఆ క్షణాన్ని వదిలేస్తారు. ఓడలు చేసేది సరిగ్గా ఇదే. ఒక నిమిషాన్ని 2,250 గడులుగా విభజించారు. ఒక్కో గడి సెకనులో సుమారు 37వ వంతు. ఆ కాస్త వ్యవధిలో 256 బిట్లు పడతాయి. ఇటువంటి తరంగమార్గాలు రెండున్నాయి కనుక, మొత్తం 4,500 గడులు. గోడ గడియారానికి బదులు అన్నీ ఉపగ్రహాలిచ్చే కాలాన్నే అనుసరిస్తాయి. మధ్యలో పెత్తనం చేసేవారెవరూ లేకుండానే పని జరిగిపోతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

ఈ మాటలు పక్క ఓడలకే గాక ఒడ్డుకూ వినపడతాయి. మన తీరంలోని దీపస్తంభాల మీద కూడా వీటిని వినే పరికరాలున్నాయి. నడిసముద్రంలోవి ఉపగ్రహాలు పట్టుకుంటాయి. ఏ ఓడ ఎప్పుడు వస్తుందో రేవువారికి ముందే ఒక అంచనా దొరుకుతుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. నిజమేనా? ఓడ సంఖ్యను సరిచూసే కిటుకొకటి ఉంది. 2021 మార్చిలో సూయెజ్ కాలువకు అడ్డంపడి ఆరు రోజులు దారి మూసేసిన 'ఎవర్ గివెన్' సంఖ్య 9811000. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2 తో గుణించి కూడండి: 63+48+5+4+0+0=120. చివరి అంకె సున్న. ఓడ సంఖ్యలో ఏడో అంకె కూడా సున్నే! ఎవరైనా తొందరలో 8911000 అని రాస్తే మొత్తం 119 వస్తుంది, తప్పు దొరికిపోతుంది. అయితే మూడో అంకె 1 బదులు 3 పడితే దొరకదు. ఎందుకో మీరే లెక్కకట్టి చూడండి.

పొరపాటును పట్టే కిటుకు అబద్ధాన్ని పట్టలేదు. ఏ.ఐ.ఎస్. పరికరం తానెక్కడున్నదీ జి.పి.ఎస్. ఉపగ్రహాల వల్ల తెలుసుకుంటుంది. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, వాటి సంకేతాలు మనల్ని చేరేసరికి ఎంతో బలహీనమవుతాయి. దగ్గర్లో ఎవరైనా అంతకంటె బలమైన దొంగ సంకేతం పంపితే పరికరం దాన్నే నమ్ముతుంది. 2017 జూన్‌లో నల్లసముద్రంలో, రష్యా రేవు నొవొరొసీస్క్ దగ్గర ఇదే జరిగింది. ఇరవైకి పైగా ఓడలు తాము గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నామని చెప్పాయి! నేల మీద, విమానాల మధ్య! కిటికీలోంచి చూస్తే చుట్టూ నీళ్ళు. ఆ వింత జవాబు వల్లనే మోసం బయటపడింది. విమానాశ్రయం కాక, సముద్రంలోనే అరకిలోమీటరు పక్కకు చూపించి ఉంటే, రాత్రివేళ, రాళ్ళున్న చోట?

అందుకే 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోని అయిదో నియమం నేటికీ అమలులో ఉంది. ఎన్ని పరికరాలున్నా, ప్రతి ఓడ మీదా ఎల్లప్పుడూ కళ్ళతో చూస్తూ, చెవులతో వింటూ కాపలా ఉండాలి. చేరవలసిన రేవు పేరు మాట సరేసరి. దాన్ని ఓడలో ఎవరో చేత్తో టైపు చేస్తారు. మార్చడం మరచిపోతే పాత పేరే ఉండిపోతుంది.

ఓడ సంఖ్యను దాని ఒంటి మీద చెరగకుండా రాయాలన్న నియమం కూడా ఉంది. విశాఖలో లోపలి రేవుకు పోయే ఓడలు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి వెళతాయి. ఈసారి వెళ్ళేటప్పుడు బైనాక్యులర్, కాగితం, పెన్సిలు వెంట తీసుకువెళ్ళండి. ఓడ వెనకభాగాన రాసిన సంఖ్యనూ, ఫోను చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.