గృహ క్రయం: ఇంటితో కలిసివచ్చేవి, రానివి

ఇల్లు కొనేవారు ధర విషయంలోను, హక్కుపత్రాల విషయంలోను ఎంతో జాగ్రత్త వహిస్తారు. కాని, చూసిన రోజున ఇంటిలో ఉన్నవన్నీ తాళంచెవులు అందే రోజునా ఉంటాయనుకోవడం పొరపాటు. అమ్మినవారు ఖాళీ చేస్తూ గీజరును, ఇన్వర్టరును, ఒక్కొక్కసారి బోరు మోటారును సైతం తీసుకొనిపోవచ్చు. బెంగళూరు వంటి నగరంలో మోటారు లేని ఇంట్లో చేరిన కుటుంబానికి మొదటి రోజే నీటి కటకట.

చట్టం ఏమంటుంది?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 8వ సెక్షను ఇందుకు ఆధారం. ఒప్పందం వేరుగా చెప్పనప్పుడు ఇంటి తలుపులు, కిటికీలు, గడియలు, తాళాలు, తాళంచెవులు, శాశ్వత వినియోగానికై అమర్చిన ఇతర వస్తువులు కొన్నవారికే చెందుతాయి. ఆ ఇంటికి గల దారి వంటి అనుభవ హక్కులు కూడా వెంట వస్తాయి. అద్దెకిచ్చిన ఇల్లయితే, బదలాయింపు తరువాతి అద్దె కొన్నవారిదే. భూమిలో వేళ్లూనిన చెట్లను 3వ సెక్షను భూమికి అంటియున్న వాటిగా పరిగణిస్తుంది. కనుక పెరటిలోని కొబ్బరిచెట్టు ఇంటితోనే వస్తుంది; కుండీలోని తులసి మొక్క రాదు.

సందేహం కలిగినప్పుడు

రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ వస్తువు ఎట్లా బిగించి ఉన్నది? ఎవరి ప్రయోజనానికి, ఎంత కాలానికి బిగించారు? గోడలో కట్టిన అలమర ఇంటిలో భాగం. గోడకు ఆనించి నిలిపిన బీరువా చరాస్తి. ఏసీ, సీలింగు ఫ్యాను, గీజరు, సోలార్ హీటరు, సంపు మోటారు వంటివి ఈ రెంటికి నడుమ నిలిచి తగవులకు దారితీస్తాయి. వీటి విషయంలో నోటిమాట చాలదు.

అపార్ట్‌మెంటు కొనేవారికి

2016 నాటి రెరా చట్టం బహిరంగ పార్కింగు స్థలాన్ని ఉమ్మడి భాగాలలో చేర్చింది. కప్పు లేని స్థలానికి విడిగా ధర అడిగితే, పత్రంలో దానిని ఏ హక్కుగా రాస్తారో ముందే తెలుసుకోవాలి.

కాగితంపై ఉండవలసినవి

బయానా ఇచ్చేముందే, ఇంటిలో ఉంచి వెళ్లే వస్తువుల జాబితాను గదివారీగా రాసి, ఇరువురూ సంతకం చేసి, క్రయ ఒప్పందానికి జతచేయాలి. అమ్మినవారు తీసుకొనిపోయే వస్తువులనూ అందులో చూపాలి. కరెంటు మీటరు డిపాజిట్టు ఎవరికి చెందుతుందో రాయాలి. వేరే ఒప్పందం లేనప్పుడు, విక్రయ తేదీ వరకు చెల్లించవలసిన ఇంటిపన్ను 55వ సెక్షను ప్రకారం అమ్మినవారి బాధ్యత.

కర్ణాటకలో విక్రయ పత్రాలు కన్నడంలో గాని ఇంగ్లీషులో గాని ఉంటాయి. కన్నడ లిపి మనకు దగ్గరిదే, మాటా అర్థమవుతుంది. పత్రాల భాష మాత్రం వేరు. అందువలన షెడ్యూలు భాగాన్ని తెలిసినవారిచేత చదివించుకొని, ప్రతి అంశమూ అర్థమైన తరువాతనే సంతకం చేయాలి. మిగిలిన సొమ్ము చెల్లించే ముందు జాబితా చేతపట్టుకొని ఇంటిని మరొకసారి చూడాలి. లోపమేదైనా కనిపిస్తే, దానిని సరిచేయించుకొనడానికి తగిన సమయం అదే.