హార్డ్ డిస్కు మొరాయిస్తే ముందు చేయాల్సిందేమిటి?

ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం బిలాస్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ ఊళ్లో బొగ్గు సంస్థ కార్యాలయం మొదలు కిరాణా కొట్టు వరకు లెక్కలు ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. బిల్లులు, బాకీలు, జీఎస్‌టీ వివరాలన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉంటే, అది ఆగిన రోజున వ్యాపారమూ ఆగుతుంది.

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత ఉన్న పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. 7,200 సార్లు తిరిగే 3.5 అంగుళాల డిస్కులో పళ్లెం అంచు వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఎక్స్‌ప్రెస్ రైలు వేగం! ఆ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే హెడ్ తేలుతూ సమాచారాన్ని చదువుతుంది. మన వెంట్రుక మందం ఆ ఎడం కన్నా వేల రెట్లు ఎక్కువ. అందుకే చిన్న కుదుపుకైనా హెడ్ పళ్లేన్ని గీకవచ్చు.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ఏర్పాటు పేరు ‘స్మార్ట్’. చెడిన సెక్టార్ల సంఖ్య పెరగడం ఇందులో ముఖ్యమైన హెచ్చరిక. అయితే ఈ హెచ్చరికనే నమ్ముకోకూడదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనంలో, పాడైన డిస్కుల్లో సగానికి పైగా నాలుగు ప్రధాన స్మార్ట్ సంకేతాల్లో ఏ ఒక్కటీ చూపలేదు.

ఫైళ్లు తెరుచుకోవడం ఆలస్యమైనా, టక్ టక్ శబ్దం వచ్చినా మరమ్మతు ప్రోగ్రాములు నడపకూడదు. అవి బలహీనపడిన డిస్కుపై మరింత భారం మోపుతాయి. డిస్కు ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే, ముందుగా దాన్ని మరో డిస్కులోకి పూర్తిగా నకలు తీయాలి. ఫైళ్లను బాగుచేసే ప్రయత్నాలన్నీ ఆ నకలు మీదే జరగాలి. శబ్దం వస్తుంటే వెంటనే కంప్యూటర్ ఆపి, నిపుణులకు అప్పగించడం మేలు. డిస్కును ఇంట్లో విప్పితే లోపల చేరే దుమ్మే దాన్ని పాడుచేస్తుంది.

సర్వర్లలో వాడే ‘రెయిడ్’ పద్ధతిలో ఒక డిస్కు పోయినా పని సాగుతుంది. కానీ పొరపాటున చెరిపిన ఫైలును అది తిరిగి ఇవ్వదు. కొత్త డిస్కు పెట్టాక సమాచారం తిరిగి నిండే సమయంలో పాతవాటిపై ఒత్తిడి పెరిగి, మరొకటి పోయే ప్రమాదమూ ఉంది. తీసే ముందు సీరియల్ నంబరు సరిచూసుకోకపోతే మంచి డిస్కే బయటికి వస్తుంది.

కాబట్టి మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, వాటిలో ఒక ప్రతి వేరే చోట ఉండాలి. నెలకోసారి ఆ ప్రతి నుంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. తెరిచి చూడని ప్రతి, అవసరం పడిన రోజున పనికొస్తుందన్న హామీ లేదు.