ఫార్మాట్ చేయించే ముందు

డీలరు మిత్రులారా, దుకాణంలోని కంప్యూటరులో విండోస్ తెరుచుకోనంత మాత్రాన హార్డ్ డిస్కును ఫార్మాట్ చేయించవద్దు. అరువు ఖాతాలు, బ్యాంకుకు పంపవలసిన స్టాకు స్టేట్‌మెంటు అందులో చెక్కుచెదరకుండా ఉండవచ్చును.

కరెంటు తీసివేసి, విండోస్ ఎక్కించిన మరొక డిస్కును మెకానిక్ చేత అమర్పించండి. ఆన్ చేసిన వెంటనే డెల్ యంత్రమైతే ఎఫ్12, హెచ్.పి. అయితే ఎఫ్9 మీటను పలుమార్లు నొక్కిన బూట్ పట్టిక వచ్చును. అందు కొత్త డిస్కును ఎంచుకొనండి. ఈ ఎంపిక ఆ ఒక్కసారికే. శాశ్వతముగా కావలెనన్న బయోస్ సెటప్‌లోని బూట్ వరుసలో దానిని మొదట ఉంచి, సేవ్ చేయవలెను. అప్పటికీ తెరుచుకోకున్న, విండోస్‌ను లెగసీ, యూఈఎఫ్ఐ పద్ధతులలో దేనిలో ఎక్కించిరో కనుగొనండి. సెటప్ సైతం అదే పద్ధతిలో ఉండవలెను.

తరువాత పాత డిస్కులోని ఖాతాలను నకలు తీసుకొనండి. దానికి బిట్‌లాకర్ రక్షణ ఉన్నచో 48 అంకెల రికవరీ కీ అడుగును. అది ఎక్కడ వ్రాసి ఉంచితిరో నేడే వెదకి చూడండి. డిస్కు టకటకమని శబ్దము చేయుచున్నచో మాత్రం ఈ ప్రయత్నములేవీ వలదు. విప్పించి నిపుణునికి అప్పగించండి.