గడువుకు ముందు పెట్టిన దరఖాస్తు

జర్మనీ నివాస చట్టంలో 81వ సెక్షన్‌ కింద నాలుగో క్లాజు ఒకటుంది. ఆ దేశంలో ఉంటున్న మన పిల్లలందరూ ఒక్కసారైనా చదవాల్సిన క్లాజు అది. చేతిలో ఉన్న రెసిడెన్స్ పర్మిట్ గడువు తీరకముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకుంటే, విదేశీయుల వ్యవహారాలు చూసే ఫారినర్స్ ఆఫీసు ఏదో ఒకటి తేల్చేదాకా పాత పర్మిట్టే చెల్లుతుంది. చదువు ఆగదు, ఉద్యోగం పోదు. ఆఫీసువాళ్ళు నెల ఆలస్యం చేసినా ఆరు నెలలు చేసినా ఆ తప్పు దరఖాస్తు పెట్టినవాళ్ళ మీద పడదు. గడువు దాటాక పెడితే మాత్రం ఈ రక్షణ దానంతటది రాదు. మరీ ఇబ్బంది అవుతుందనిపిస్తే అధికారి ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూవచ్చు. స్వల్పకాలపు షెంగెన్ వీసా మీద వచ్చినవాళ్ళకు ఈ క్లాజు వర్తించదు.

మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో ఇంత తేటగా విడదీసిన మాట వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో కూడా నాకు అరుదుగానే కనిపించింది. అపాయింట్‌మెంట్ ఎప్పుడిస్తారన్నది మన చేతిలో లేదు. ఏ అధికారి దగ్గరికి ఫైలు వెళుతుందన్నది మన చేతిలో లేదు. దరఖాస్తు ఎప్పుడు పెడతామన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. మన వంతు వేళకు చేశామా, చేసినట్టు రుజువు ఉందా? చట్టం అడిగేది ఇంతే. పరాయి దేశంలో నిబ్బరంగా నిలబడే మనిషికీ, ప్రతి ఏడాదీ గడువు దగ్గరపడగానే గుండె దడతో తిరిగే మనిషికీ తేడా ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

2023–24 శీతాకాలపు సెమిస్టర్ నాటికి జర్మనీ యూనివర్సిటీల్లో మన దేశపు విద్యార్థులు సుమారు 49 వేల మంది. చైనాను దాటి మొదటి స్థానంలోకి వచ్చారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఏ ఊరి క్యాంపస్‌కు వెళ్ళినా కనిపిస్తారు. తెలివికి లోటు లేదు. కానీ చాలామంది సొంత చేత్తో ఒక్క ప్రభుత్వ ఫారం నింపకుండానే విమానం ఎక్కేస్తున్నారు. అడ్మిషన్ దగ్గర్నుంచి చదువు పత్రాల తనిఖీకి సంబంధించిన ఏపీఎస్ సర్టిఫికెట్ దాకా, ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు చూపించే బ్లాక్డ్ అకౌంట్ దాకా అన్నీ అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఉన్న కన్సల్టెన్సీ చూసుకుంటుంది. మిగిలింది నాన్నగారు చూసుకుంటారు. పిల్లవాడు సంతకాలు పెడతాడు. ఏ కాగితం మీద దేనికి సంతకం పెట్టాడో అడిగితే చెప్పలేడు.

అక్కడ దిగాక పరిస్థితి ఒక్కసారిగా మారిపోతుంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. చిరునామా నమోదు కాకపోతే రెసిడెన్స్ కార్డు ముందుకు కదలదు. పన్ను నంబరు కూడా ఆ నమోదు అయ్యాకే పోస్టులో వస్తుంది. ఇల్లు దొరకడమే గగనమైన ఊళ్ళలో గది చూపించి, ‘రిజిస్ట్రేషన్ మాత్రం కుదరదు’ అనేవాళ్ళు ఉంటారు. మనవాళ్ళు మొహమాటపడి ముందే అడగరు. అడ్వాన్స్ కట్టేసి, పెట్టెలు దించుకున్నాక అడుగుతారు. ఆ ధ్రువపత్రం ఇవ్వడం యజమాని దయ కాదు, చట్టం ప్రకారం అతని బాధ్యత. డబ్బు చేతులు మారకముందే “నా పేరు మీద చిరునామా నమోదుకు కాగితం ఇస్తారా?” అని అడగడం నేర్చుకున్న కుర్రాడు సగం గండాలు దాటినట్టే. మొహమాటం మన ఇళ్ళలో మర్యాద కింద చెలామణి అవుతుంది. ఆఫీసు పనుల దగ్గర మాత్రం దాన్ని వదిలించుకోవాల్సిందే.

ఇంకో చిన్న విషయం చెప్పాలి. జర్మనీ అపార్ట్‌మెంట్లకు మనలాగా సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మాన్ పోస్టు పెట్టె మీద ఉన్న ఇంటి పేరు చూసి ఉత్తరం వేసి వెళతాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, ఫారినర్స్ ఆఫీసు పంపే లేఖ... అన్నీ ఆ పెట్టెలోకే రావాలి. ముగ్గురు కుర్రాళ్ళు కలిసి ఉండే ఇంట్లో ఒక్కడి పేరే పెట్టె మీద ఉంటుంది. మిగతా ఇద్దరూ ఆఫీసువాళ్ళు లెటర్ పంపలేదని నెలల తరబడి తిట్టుకుంటూ కూర్చుంటారు. కాగితం ముక్క మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటి పేరు రాసి, టేపుతో అంటించడానికి రెండు నిమిషాలు చాలు. బాధ్యత తీసుకోవడం అని పెద్ద మాటల్లో చెప్పేది చాలాసార్లు ఇంత చిన్నగా ఉంటుంది.

సాయం అడుగుతూ నాకు ఫోన్లు వచ్చేది ఎక్కువగా గడువు ముంచుకొచ్చినప్పుడే.

“అక్కా, వచ్చే సోమవారంతో నా పర్మిట్ అయిపోతుంది. సైట్‌లో స్లాట్లు లేవు. ఆఫీసులో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“స్లాట్ సంగతి తర్వాత తమ్ముడూ. దరఖాస్తు పంపావా?”

“స్లాట్ దొరికితేనే కదక్కా పంపేది?”

ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. అపాయింట్‌మెంట్ వేరు, దరఖాస్తు వేరు. ఆన్‌లైన్ ఫారం ఉంటే అందులో, లేకపోతే ఆ ఆఫీసు చెప్పిన ఈమెయిల్‌కో పోస్టులోనో గడువు లోపలే ఆఫీసుకు చేరేలా దరఖాస్తు పంపి, ఆ రుజువు దాచుకోవాలి. తేదీ ఉన్న ఆటోమేటిక్ జవాబు కావచ్చు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు కావచ్చు. వేలిముద్రలకు పిలుపు రెండు నెలల తర్వాత వచ్చినా ఫరవాలేదు. ఈ సంగతి ఎవరో రహస్యంగా చెవిలో చెప్పాల్సింది కాదు. చాలా ఆఫీసుల వెబ్‌సైట్లలోనే ఉంటుంది. చదవకుండా తెలిసినవాళ్ళ కోసం వెతకడమే మనకు అలవాటైపోయింది. సిఫారసుతో పనులు నడిచే చోట పెరిగినవాళ్ళకు ఆ అలవాటు రావడంలో ఆశ్చర్యం లేదు, కానీ దాన్ని మోసుకుంటూ తిరిగితే నష్టపోయేది మనమే.

వాట్సాప్ గ్రూపుల సలహాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జర్మనీలో ఫారినర్స్ ఆఫీసులు ఐదు వందలకు పైగా ఉన్నాయి. చట్టం ఒకటే, పని తీరు మాత్రం ఊరికో రకం. బెర్లిన్‌లో 2020లో విదేశీయుల వ్యవహారాల కోసమే ప్రత్యేక శాఖ పెట్టారు. మ్యూనిక్‌లో నగరపాలక విభాగమే చూస్తుంది. బెర్లిన్‌లో ఉన్న బావ అనుభవం మ్యూనిక్‌లో ఉన్న మరిదికి పనికిరాకపోవచ్చు. పైగా నిబంధనలు మారుతుంటాయి. విద్యార్థి ఏడాదికి 120 పూర్తి రోజులే పనిచేయాలని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. 2024 మార్చి నుంచి అది 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు. ఫొటో స్టూడియోలో ప్రింట్ తీయించుకుని వెళ్ళమని సీనియర్ చెబుతాడు. 2025 మే నుంచి డిజిటల్ ఫొటో పద్ధతి వచ్చింది. సీనియర్ అబద్ధం చెప్పలేదు, అతని కాలానికి అది నిజమే. అడగడం తప్పు కాదు. అడిగి తెలుసుకున్నదాన్ని సొంత కళ్ళతో సరిచూసుకోకపోవడం తప్పు.

అపాయింట్‌మెంట్ రోజు గురించి పిల్లలు చాలా భయపడతారు. గోడ మీద తెర, అందులో నంబర్లు, నంబరు రాగానే గది. బల్లకు అవతల కూర్చున్న ఆవిడ నవ్వదు. పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్, అద్దె ఒప్పందం, చిరునామా నమోదు కాగితం, ఉద్యోగ ఒప్పందమో యూనివర్సిటీ సర్టిఫికెటో వరసగా అడుగుతుంది. ఒకటి లేకపోతే “ఇది లేదు” అంటుంది, అంతే. ఆ పొడి మాటను మనవాళ్ళు అవమానంగా తీసుకుంటారు. చర్మం రంగు చూసి అలా అన్నదనుకుంటారు. వివక్ష ఎక్కడా లేదని నేననను. కానీ చాలాసార్లు ఆవిడ చూస్తున్నది మనిషిని కాదు, జాబితాను. జాబితాలో ఉన్నవన్నీ అదే వరసలో పెట్టి, ఒరిజినల్ వెనకాల జిరాక్స్ జతచేసి ఇచ్చిన కుర్రాడి పని పది నిమిషాల్లో అయిపోవడం నేను చూశాను. అతనికి జర్మన్ అంతంతమాత్రమే వచ్చు. “నమస్కారం, నా కాగితాలు ఈ వరసలో ఉన్నాయి, నెమ్మదిగా మాట్లాడండి” అనేంత వరకు నేర్చుకుని వచ్చాడు. అది చాలింది. స్కానర్ మీద చూపుడు వేళ్ళు పెట్టించి, ఫీజు కట్టించుకుని పంపేశారు. కార్డు బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

కార్డుతో పాటు చాలామందికి ఆకుపచ్చ రంగు మడత కాగితం ఒకటి ఇస్తారు. షరతులన్నీ అందులోనే ఉంటాయి. ఏ పని చేయొచ్చు, ఎన్ని రోజులు చేయొచ్చు అన్నది అక్కడే రాసి ఉంటుంది. కార్డు ఫొటో తీసి ఇంటికి పంపడంలో ఉన్న ఉత్సాహం ఈ కాగితం చదవడంలో ఉండదు. ఉద్యోగానికి ఇచ్చిన పర్మిట్ మీద ఉన్నవాళ్ళు అనుకున్నదానికంటే ముందే ఉద్యోగం పోతే, ఆ సంగతి తెలిసిన రెండు వారాల్లోపు ఆఫీసుకు తెలియజేయాలి. ఉద్యోగం పోయిన రోజున ఈ సంగతి కొత్తగా వెతుక్కునే స్థితిలో ఎవరూ ఉండరు. కుశలంగా ఉన్నప్పుడే చదివి పెట్టుకోవాలి.

అన్నిటికంటే మనసును కలచివేసేది ఇంటి దగ్గర్నుంచి వచ్చే ఫోను. అమ్మకు బాగాలేదు, వెంటనే రావాలి. పాత కార్డు గడువు అయిపోయింది, కొత్తది రాలేదు. అప్పుడు చేతిలో ఉండాల్సింది, దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉందని ఆఫీసు ఇచ్చే ఫిక్షన్ సర్టిఫికెట్. అందులో ఏ గడిలో టిక్కు పెట్టారన్నది ముఖ్యం. నేను మొదట్లో చెప్పిన 81వ సెక్షన్ నాలుగో క్లాజు గడిలో టిక్కు ఉంటే పాత కార్డు, పాస్‌పోర్టుతో పాటు చూపించి తిరిగి జర్మనీలోకి రావొచ్చు. మూడో క్లాజు గడిలో ఉంటే దేశంలో ఉండే హక్కే కానీ, వెళ్ళి తిరిగొచ్చే హక్కు దానితో రాదు. చిన్న టిక్కు, దాని మీద ఒక కొడుకు ప్రయాణం ఆధారపడి ఉంటుంది. అమ్మ దగ్గర ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే మరో లెక్క కూడా ఉంది. మామూలు రెసిడెన్స్ పర్మిట్ వరసగా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే రద్దవుతుంది. ఉన్నత చదువున్న ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు ఉన్నవాళ్ళకు ఏడాది దాకా వెసులుబాటు ఉంది. అవసరమైతే వెళ్ళేముందే ఆఫీసును అడిగి గడువు పెంచించుకోవచ్చు. ఇలా లెక్కలు చూసుకోవడాన్ని స్వార్థం అనుకోకండి. ముందు జాగ్రత్త ఉన్నవాడే అమ్మ మంచం పక్కన ప్రశాంతంగా కూర్చోగలడు.

భర్త ఉద్యోగం మీద వచ్చిన అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. మీ కార్డు మీది. దరఖాస్తు మీ పేరు మీదే ఉంటుంది, వేలిముద్రలు మీవే. కానీ పాస్‌వర్డు ఆయన దగ్గర, ఫైలు ఆయన అల్మారాలో, గడువు తేదీ ఆయన ఫోన్‌లో. ప్రేమగా చూసుకునే భర్తే కావచ్చు, అయినా ఇది మంచి పద్ధతి కాదు. సాధారణంగా మూడేళ్ళు జర్మనీలో కలిసి కాపురం చేశాక విడిపోవాల్సి వచ్చినా, లేదా కలిసి ఉండగానే ఎప్పుడు భర్త చనిపోయినా, భార్యకు సొంతంగా ఉండే హక్కు వస్తుంది. హింస ఉన్నచోట మూడేళ్ళు ఆగక్కర్లేదని కూడా చట్టంలో ఉంది. ఇవి కాపురం కూల్చే మాటలు కావు, మీకు తెలిసి ఉండాల్సిన మాటలు. మీ ఫారం మీరే నింపండి, ఆయన పక్కన కూర్చుని సాయం చేస్తే చేయనివ్వండి.

అన్నీ మీ చేతుల్లోనే ఉన్నాయని, మనసు బాగుంటే లోకం బాగుంటుందని చెప్పే పుస్తకాలతో నాకు పేచీ ఉంది. స్టుట్‌గార్ట్ లాంటి నగరాల్లో తెల్లవారకముందే జనం బారులు తీరిన రోజులున్నాయి. సిబ్బంది చాలరు, ఫైళ్ళు పేరుకుపోతాయి. ఉద్యోగ ఒప్పందం చేతిలో పెట్టుకుని కార్డు కోసం కాచుకున్నవాడిలో లోపం ఉందని చెప్పడం అన్యాయం. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫైలు నంబరు వేసి, దరఖాస్తు తేదీ రాసి, మర్యాదగా రెండు వాక్యాల్లో గుర్తుచేయొచ్చు. తగిన కారణం లేకుండా మూడు నెలలైనా ఏ నిర్ణయమూ చెప్పకపోతే పరిపాలనా కోర్టుకు వెళ్ళే హక్కు అక్కడి చట్టం ఇచ్చింది. అంతదాకా పోవాల్సిన అవసరం అందరికీ రాదు. ఆ హక్కు ఉందని తెలిసినవాడు రాసే ఉత్తరంలో మాత్రం బతిమాలడం ఉండదు, కోపం కూడా ఉండదు.

ఇది చదువుతున్నవాళ్ళలో జర్మనీలో ఉన్నవాళ్ళుంటే, ఇప్పుడే మీ కార్డు తీసి గడువు తేదీ చూడండి. దానికి మూడు నెలల ముందు ఏ తేదీ పడుతుందో లెక్కేసి ఫోన్‌లో పెట్టుకోండి. ఆ రోజున దరఖాస్తు మీరే రాసి పంపండి, రుజువు దాచుకోండి. ఈ ఏడాది విమానం ఎక్కబోతున్న పిల్లలున్న తల్లిదండ్రులు మాత్రం ఇంకో పని చేయండి. వీసా ఫారం మీరు నింపకండి, కన్సల్టెన్సీ వాళ్ళతో నింపించకండి. పిల్లల చేతికివ్వండి. తప్పులు రాస్తే దిద్దించి, మళ్ళీ వాళ్ళచేతే రాయించండి.