అమ్మలూ, ఆ అప్పు మాత్రం వద్దు

మచిలీపట్నం



నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన చెన్నై ప్రైవేటు కాలేజీ ఫీజుల కాగితం అందాయి. మూడేళ్ల సంగీతం డిగ్రీకి హాస్టలుతో కలిపి ఎనిమిది లక్షలు. నాగాయలంక పొలం తనఖా పెట్టి తెస్తానని మీ నాన్న అంటున్నారట. "అన్నయ్యా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అని మీ అమ్మ ఫోను చేసింది. ఉద్యోగమంతా బ్యాంకులో అప్పు కాగితాలు చూసినవాణ్ణి, సాయంత్రమైతే ఫిడేలు పట్టేవాణ్ణి కనక ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకు కాస్త ఉందనుకుంటాను. సంగీతం చదువు. డిగ్రీ కూడా చెయ్యి. ఆ అప్పు మాత్రం వద్దు.

ఎనిమిది లక్షలు, పది శాతం వడ్డీ, ఏడేళ్ల వాయిదాలు అనుకుందాం. నెలకు సుమారు 13,280 రూపాయలు కట్టాలి. చదివినన్నాళ్లూ వడ్డీ పేరుకుంటుంది కనక అసలు వాయిదా ఇంకా పెద్దదే అవుతుంది. కొత్తగా పైకొస్తున్న గాయనికి నెల జీతమంటూ ఏముంటుంది? నవరాత్రుల్లో రెండు కచేరీలు, పెళ్లిళ్ల రోజుల్లో రెండు. ఆషాఢం వస్తే పిలిచేవాడుండడు. బ్యాంకుకి ఆషాఢం లేదమ్మా. పైగా మీ పొలంలో ఉన్నది రొయ్యల చెరువు. రొయ్యకి తెల్లమచ్చ తగిలిన ఏడు ఇల్లెలా గడిచిందో నీకూ తెలుసు. నిలకడలేని రెండు రాబడుల నెత్తిన తప్పించుకోలేని వాయిదా ఒకటి పెట్టకూడదు.

"ఘంటసాల గారు ఉంగరం అమ్ముకుని వెళ్లలేదా?" అని రాశావు. వెళ్లారు. మీ గుడివాడ పక్కన చౌటపల్లిలో 1922లో పుట్టిన ఆ కుర్రాడు విజయనగరం చేరింది అలాగే. అక్కడి సంగీత కళాశాల 1919లో పెట్టినది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. ఘంటసాల అక్కడ జోలె కట్టుకుని మధూకరం ఎత్తుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు దగ్గరకు తీసి పాట నేర్పారు. పడ్డ కష్టం కొండంత, నిజమే. కానీ పట్టా చేతికొచ్చేసరికి ఆయన నెత్తిమీద వాయిదాలేవీ లేవు. ఇల్లు చేరి నాటకాలకీ పెళ్లిళ్లకీ పాడుకుంటూ తిరగగలిగారంటే, ఆ తర్వాత మద్రాసులో 1944 నాటి 'సీతారామ జననం'లో కోరస్‌లో నిలబడగలిగారంటే అందుకే. నెలనెలా అప్పు కట్టాల్సిన మనిషి అన్నాళ్లు కాచుకుని కూర్చోలేడు.

మన దివిసీమలో సంగీతానికి ఫీజు కట్టిన చరిత్రే తక్కువ. పెదకళ్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారిది త్యాగరాజస్వామి శిష్య పరంపర. ఆయన దగ్గర నేర్చుకున్నారు మన దివిసీమ శ్రీకాకుళం వాస్తవ్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి శిష్యులే మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయొలిన్ అన్నవరపు రామస్వామి. బాలమురళి గారి బడిచదువు చిన్నప్పుడే ఆగిపోయింది. అయినా విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలయ్యారు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి అన్నవరపు గారిలాంటి వాళ్లకి నిలయ విద్వాంసుల కొలువిచ్చి దశాబ్దాల పాటు అన్నం పెట్టింది. అలాంటి కొలువు మళ్లీ వస్తుందని లెక్కలో వేసుకోకు. ఆడిషన్‌కి మాత్రం వెళ్లు. 'బి' గ్రేడు వచ్చినా పేరు పక్కన ఒక ముద్ర పడుతుంది.

ఆ రోజులు పోయాయి కనకనే డిగ్రీ కావాలంటున్నాను. కేంద్రీయ విద్యాలయంలో ప్రాథమిక తరగతులకి సంగీతం చెప్పాలన్నా ఇంటర్‌తోపాటు సంగీతంలో డిగ్రీ గానీ, దానికి సమానమైనది గానీ ఉండాలి. మూలవేతనం 35,400 రూపాయలు, పైన కరువుభత్యం. నవోదయ పాఠశాలల్లోనూ సంగీతం టీచర్లుంటారు. కాలేజీలో చెప్పాలంటే ఎం.ఏ., ఆపైన నెట్. జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధనకి నెలకు 37,000 రూపాయలు. ఈ కొలువులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలీదు. అయినా సంగీతం డిగ్రీకి బజారులో ఉన్న ఖరీదు ఇదే, బోధించే అర్హత. ఆ నోటిఫికేషన్లలో గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయమా కాదా అని అడుగుతారు. కాలేజీలో స్టూడియో ఎంత పెద్దదని అడగరు. నువ్వు పంపిన ఎనిమిది లక్షల కాగితంలో ఆ డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం పేరెక్కడా నాకు కనపడలేదు. ఆ ఒక్క ప్రశ్న వాళ్లని రాతపూర్వకంగా అడిగి చూడు.

చెన్నైయే కావాలంటే క్వీన్ మేరీస్ కాలేజీ ఉంది కదా! మెరీనా ఒడ్డున 1914లో పెట్టిన ప్రభుత్వ మహిళా కళాశాల. బి.ఏ. సంగీతం ఉంది. సీటు వస్తే అక్కడే చేరు. డిసెంబరు సభల్లో పెద్దల కచేరీలు వినడం అదనపు లాభం. సీటు రాకపోతే గుడివాడ ఏఎన్నార్ కాలేజీలో మామూలు డిగ్రీ చేస్తూ, రైలెక్కి విజయవాడ వెళ్లి ఇప్పుడు ఘంటసాల గారి పేరు మోస్తున్న ఆ ప్రభుత్వ కళాశాలలోనే నేర్చుకో. నాలుగేళ్ల సర్టిఫికెట్, దానిమీద రెండేళ్ల డిప్లొమా. డిప్లొమాని డిగ్రీతో సమానంగా తీసుకుంటారో లేదో ప్రతి నోటిఫికేషన్‌లోనూ వెతుక్కోవాలి, ఆ చిక్కు ఒకటుంది. ఎం.ఏ.కి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది.

కచేరీ గాయని కావాలన్న ఆశని నేను కొట్టిపారెయ్యడం లేదు. కానీ గొంతుకి తిండిపెట్టే పని మన పక్కనే ఉంది, దాన్ని నువ్వు చూడటం లేదు. మొవ్వ దాటితే కూచిపూడి. అక్కణ్ణుంచి వెళ్లిన నాట్యం ఇవాళ అమెరికా దాకా పాకింది. వేసవి వస్తే అక్కడి మన పిల్లల రంగప్రవేశాలకి గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్ వాళ్లు ఇక్కణ్ణుంచి విమానమెక్కుతారు. క్షేత్రయ్య పదం అర్థం తెలిసి, అభినయం చూస్తూ, నర్తకి ఆగిన చోట సంగతి వేసి పాడగల గొంతులెన్ని ఉన్నాయి? సీతారామశాస్త్రి గారి అబ్బాయి సంగీతరావు గారు మహా విద్వాంసులు. ఆయనా ఘంటసాల గారికి సినిమాల్లో సహాయకులుగా పనిచేశారు, వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకి సంగీతం కూర్చారు. దాన్ని చిన్నతనంగా ఎవరూ అనుకోలేదు. నువ్వూ ఈ మూడేళ్లలో సెలవులొచ్చినప్పుడల్లా నట్టువాంగం నేర్చుకో, జతులు చెప్పడం నేర్చుకో. ఇవి డిగ్రీ పుస్తకంలో దొరికేవి కావు. కూచిపూడి పీఠంలో, అక్కడి గురువుల ఇళ్లలో దొరుకుతాయి.

ఇంకో రాబడి ఆన్‌లైన్ పాఠాలు. వేసవిలో మనకి పొద్దున్న ఆరున్నర అయితే కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరు. నువ్వెలాగూ సాధనకి లేచే వేళ. సరళీ స్వరాలు చెప్పడానికి డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, మీ గురువుగారి అనుమతి ఉంటే చాలు. పద్దెనిమిది నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టు. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. టీవీ పాటల పోటీలంటావా, సరదాకి వెళ్లు. బతుకు లెక్కలో రాయకు.

ఆదివారం మీ నాన్నని వెంటబెట్టుకుని బందరు రా. ఇంటర్ మార్కుల జాబితా, నీ ఫోటోలు తెచ్చుకో, క్వీన్ మేరీస్ దరఖాస్తు ఇక్కడే కూర్చుని నింపుదాం. అప్పటిదాకా ఆ ప్రైవేటు కాలేజీకి అడ్వాన్సు అని ఒక్క రూపాయి కూడా పంపొద్దని మీ నాన్నతో నా మాటగా చెప్పు.

మీ మామయ్య